ఏడు తర్వాత

తొలి బస్సులు ఎల్లిపోయినంక
దేవరకొండ డిపోల మిగిలినోళ్లం ముప్పై నలుగురం.
డ్యూటీ దిగినోళ్లు, ఎక్కాల్సినోళ్లు,
గ్యారేజీల గ్రీజు కడుక్కోక అట్లనే వచ్చినోళ్లు.
నేల మీద సున్నంతోని గీత గీసిన్రు.
పది సుట్లు నడవాలె.
సుట్టుకు ఇంత అని టైర్ల షాపాయన రాసిండు,
మిర్చి బజ్జీల ఎల్లమ్మ రాసింది,
మా డీఎం సారు రాసిండు, అందరికంటె తక్కువ.
పైసలన్నీ స్పెషల్ బడికి.
మాటలు నేర్పే మేడం పట్నం నుంచి
శనివారం శనివారం రావాలంటే
ఒక్క బస్సు పాసు సరిపోదు గదా.

అందరం కలిసి నడుసుడు
సమ్మె తర్వాత మళ్లా ఇదే.
అప్పుడు నోట్లె నినాదముండె,
ఇప్పుడు ఆయాసం.

దినాం మున్నూటెనభై కిలోమీటర్లు తిరిగే ఇస్తారన్న
రెండో సుట్టుకే పంచరై కూసున్నడు.
"స్టీరింగు లేకుంటె కాళ్లు ఎటు తిప్పాల్నో తెల్వట్లేదే."
ఖాజా మియా చెప్పులు చేతుల వట్టుకున్నడు.
నేను పొద్దంతా నిలవడి టికెట్లు కొట్టేదాన్ని,
నా పిక్కల మీద నరాలు కాకరతీగలు.
నిలవడుడు వేరు, నడుసుడు వేరని
నలభై ఆరేండ్లకు తెలిసింది.

లెక్కకు వినీల్‌ను కూసోవెట్టిన్రు.
పదకొండేండ్లు. మెడ ఒక దిక్కు, సూపు ఒక దిక్కు,
చేతిల, మిషన్లు రాకముందు మిగిలిన నా టికెట్ల కట్ట.
గుంపు గీత దాటితే ఒకటి చింపాలె, అంకె చెప్పాలె.
ఆరు దాకా మంచిగనే పోయింది.
ఏడు, అన్నడు.
తర్వాత మళ్లా ఏడు.
"ఎనిమిది బిడ్డా" అన్నది టీచరమ్మ.
తప్పు ఆమెదే అన్నట్టు సూసిండు.
"ఏడు."

మా అవ్వ కల్లంల వడ్లు కొలిస్తే
ఆ అంకె నోట రానియ్యకపోయేది,
ఆరున్నొక్కటి అనేది.
ఏడంటే ఏడుపు ఎంటవడి ఇంటికొస్తదని.
ఈ పిలగాడేమో
బెల్లం ముక్క చప్పరించినట్టు అంటుండు,
ఏడు, ఏడు.

సారు కాగితం మీద పది అయినయి.
విజిలు, అరటిపండ్లు, నీళ్ల ప్యాకెట్లు.
వినీల్ కట్ట ఇయ్యలే, కుర్చీల నుంచి లేవలే.
వాళ్లమ్మ సబిత కొంగుతోని వాని మూతి తుడుసుకుంట చెప్పింది:
"పది రావాలన్నా వానికి. ఇంట్ల గూడ గంతే.
ఏడో ముద్ద తర్వాత మళ్లా ఏడో ముద్ద.
గిన్నె ఖాళీ అయితది, పది రాదు."

ఒక నిమిషం ఎవ్వరం మాట్లాడలే.
ఇస్తారన్న లేసిండు,
ప్యాంటు పైకి గుంజుకున్నడు.
"బోర్డు మార్సలే గదా, ట్రిప్పు అయిపోలే."

మళ్లా నడిసినం.
డీజిల్ బంకు, కడిగే ర్యాంపు,
తుక్కుకు రాసిన బస్సుల వరుస. ఏడు.
మోకాలు వట్టుకొని ఖాజా మియా. ఏడు.
అరటితొక్క ఇంకా చేతిలనే ఉన్న డీఎం సారు. ఏడు.
ఎండ రేకుల షెడ్డెక్కింది.
పదిహేడో, పంతొమ్మిదో, మాకు తెల్వది,
లెక్క మా చేతుల లేదు.

టికెట్లు అయిపోయినయి. అప్పుడు లేసిండు.
పది అనలే.
ఉత్త అట్టముక్క నా చేతిల వెట్టిండు,
కలెక్షను అప్పజెప్పిన కండక్టరు లెక్క.

ఇరవై రెండు వేల నాలుగొందలు జమైనయి.
మేడం మూడు నెలలు వస్తదట.
నాలుగో నెల ముచ్చట ఎవ్వరూ తీయలే.

సోమవారం, కొండమల్లేపల్లి దాటినంక
మనుషుల్ని లెక్క వెట్టుకుంట పోతున్న.
ఆరు, ఏడు.
కోడిని ఒడిల వెట్టుకున్న ముసలామె
"నాకు జీరో టికెట్ కొట్టవా బిడ్డా" అన్నది.
కొట్టిన.
ఏడు, అనుకున్న.
ఎనకకు పోయినకొద్దీ
ఇంకా మనుషులున్నరు.